హెడ్ ఆఫీసు, బ్రాంచి: ఎవరి అధికారం ఎంతవరకు? ఐర్లండ్ రగ్బీ నుంచి ఒక వాణిజ్యశాస్త్ర పాఠం



బి.కాం., బి.బి.ఎం. చదివే మీ అందరికీ 'కేంద్రీకరణ - వికేంద్రీకరణ' అనే పాఠం తప్పకుండా ఉంటుంది. పుస్తకంలో ఒక పట్టిక ఇస్తారు. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు. పరీక్షలో దాన్ని వరసగా రాస్తే పదికి ఏడు మార్కులు వస్తాయి. కానీ ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ పట్టిక మనకు పెద్దగా పనికిరాదు. ఎంత అధికారం పైన ఉంచాలి, ఎంత కింద వదలాలి అన్నది ప్రతి సంస్థలోనూ రోజూ నలిగే ప్రశ్న. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా కౌంటరు వెనుక, లెడ్జర్ల ముందు కూర్చున్నవాడిని కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా పరిచయం. ఈసారి దాన్ని పుస్తకంలోంచి కాక ఒక ఆటలోంచి చూద్దాం. ఆ ఆట రగ్బీ. దేశం ఐర్లండ్.

క్రికెట్ ఉండగా రగ్బీ ఎందుకు అని మీరు అడగవచ్చు. క్రికెట్ అయితే ప్రతివారికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, ఇష్టాయిష్టాలు అడ్డం వస్తాయి. తెలియని ఆటలో అయితే లెక్కలు మాత్రమే కనబడతాయి. పైగా రగ్బీ మనకు పూర్తిగా పరాయిది కాదు. 1870లలో కలకత్తాలోని ఒక రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు సభ్యులు బ్యాంకు ఖాతాలోని సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, ఒక కప్పు చేయించి ఇంగ్లండు రగ్బీ యూనియన్‌కు ఇచ్చారు. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుంచి నేటివరకు ఆ 'కలకత్తా కప్పు' కోసమే పోటీ పడుతున్నాయి. ఖాతా మూసేటప్పుడు ఇంత అందంగా మూసినవారిని నేను మరొకరిని చూడలేదు. ఇక 2025లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ముంబయి, కళింగ, ఢిల్లీ పేర్లతో ఆరు జట్లు ఆడాయి. అంటే ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఊళ్ల పేర్లు అందులో ఉన్నాయి.

ఆట గురించి రెండు మాటలు చాలు. కోడిగుడ్డు ఆకారపు బంతి, జట్టుకు 15 మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనక్కే అందించాలి. ముందుకు పోవాలంటే పట్టుకుని పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. ఒంటికి దెబ్బలు బాగా తగిలే ఆట. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, లెక్కల్లో మళ్లీ వస్తుంది.

1. సంస్థ నిర్మాణం

ఐర్లండులో 1874లో ఒక సంఘం, 1875లో ఉత్తరాన బెల్‌ఫాస్ట్ కేంద్రంగా మరొక సంఘం ఏర్పడ్డాయి. రెండూ కలిసి 1879లో ఐర్లండ్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అయ్యాయి. 1921లో దేశం రెండుగా చీలింది. ఉత్తర భాగం బ్రిటన్‌లో ఉండిపోయింది. అల్‌స్టర్ ప్రాంతంలోని 9 జిల్లాల్లో 6 సరిహద్దుకు ఒకవైపు, 3 మరోవైపు పడ్డాయి. అయినా రగ్బీ సంఘం మాత్రం చీలలేదు. ఈనాటికీ రెండు రాజ్యాల ఆటగాళ్లు ఒకే జట్టుగా ఆడతారు.

ఈ యూనియన్ కింద నాలుగు ప్రాంతాలు ఉన్నాయి: లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కనాట్. చిత్రమేమిటంటే ఈ ప్రాంతీయ సంఘాలను అక్కడ కూడా 'బ్రాంచి' అనే పిలుస్తారు. లెన్‌స్టర్ బ్రాంచి, కనాట్ బ్రాంచి అని. బ్యాంకు ఉద్యోగికి ఇంతకంటే సులభంగా అర్థమయ్యే ఉదాహరణ దొరకదు. (ఢిల్లీలోని కనాట్ ప్లేస్‌కు ఆ పేరు ఒక బ్రిటిష్ రాజకుమారుడి బిరుదు నుంచి వచ్చింది. ఆయన బిరుదు ఈ కనాట్ ప్రాంతం పేరు మీద ఇచ్చినదే.)

2. 1995: యజమాని ఎవరు?

నూరేళ్లకు పైగా ఈ రగ్బీలో ఆటగాడికి జీతం ఇవ్వడం నిషేధం. డాక్టర్లు, రైతులు, బ్యాంకు గుమాస్తాలు సాయంత్రాలు సాధన చేసి శనివారాలు ఆడేవారు. 1995 ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ బోర్డు పారిస్‌లో సమావేశమై ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ రోజు నుంచి ప్రతి దేశంలోనూ ఒకటే ప్రశ్న: ఆటగాడికి జీతం ఇచ్చే యజమాని ఎవరు?

ఇంగ్లండులో ధనవంతులు క్లబ్బులను కొన్నారు, ఆటగాళ్లతో ఒప్పందాలు రాసుకున్నారు. దేశానికి ఆడేటప్పుడు యూనియన్ ఆ క్లబ్బుల దగ్గర ఆటగాళ్లను అడిగి తీసుకోవలసిందే. క్లబ్బు పెద్దదా, దేశం పెద్దదా అన్న తగవు అక్కడ ఏళ్ల తరబడి నడిచింది.

న్యూజీలాండులో వేరే దారి. ఆటగాళ్లందరినీ ఒక ప్రైవేటు వ్యాపార బృందం ఎత్తుకుపోయే ప్రమాదం రాగా, జాతీయ యూనియనే త్వరపడి వారితో నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

ఐర్లండు మొదట తడబడింది. మంచి ఆటగాళ్లు చాలామంది ఇంగ్లండు క్లబ్బులకు వెళ్లిపోయారు. అప్పుడు యూనియన్ ఒక నిర్ణయం తీసుకుంది. ఊరూరా ఉన్న పాత క్లబ్బులకు కాక, నాలుగు బ్రాంచి జట్లకే జీతాల ఆటను పరిమితం చేసింది. అగ్రశ్రేణి ఆటగాళ్లకు యూనియనే స్వయంగా జీతం ఇచ్చే కేంద్ర ఒప్పందాలు పెట్టింది. వెళ్లినవారు ఒక్కరొక్కరే ఇంటికి తిరిగివచ్చారు.

3. యంత్రం ఎలా పనిచేస్తుంది?

వాణిజ్య విద్యార్థి ముందుగా అడగవలసిన ప్రశ్న: డబ్బు ఎక్కడ పుడుతోంది? ఐర్లండు రగ్బీలో రాబడిలో ఎక్కువ భాగం జాతీయ జట్టు ఆడే మ్యాచ్‌ల నుంచే వస్తుంది. టిక్కెట్లు, టెలివిజన్ హక్కులు, ప్రకటనలు అన్నీ డబ్లిన్‌లోని యూనియన్ ఖాతాలో పడతాయి. అక్కడి నుంచి బ్రాంచిలకు నిధులు వెళతాయి. రాబడి పైన, ఖర్చు కింద. అటువంటి సంస్థలో కేంద్రీకరణ దానంతట అదే బలపడుతుంది. మన బ్యాంకుల్లో దీనికి తలకిందులుగా ఉంటుంది. డిపాజిట్లు కింద పుడతాయి, పైకి వెళతాయి.

ఆ డబ్బు చేతిలో ఉన్నందున యూనియన్ చేయగలిగినవి ఇవి.

మొదటిది, విశ్రాంతి. ఇది ఒంటికి దెబ్బలు తగిలే ఆట అన్నాను. క్లబ్బు యజమాని జీతం ఇస్తే ప్రతి వారం ఆడమంటాడు. యూనియన్ జీతం ఇస్తే, ముఖ్యమైన ఆటగాడు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో తానే చూసుకుంటుంది. యంత్రానికి తరుగుదల లెక్క వేసినట్టే మనిషికీ వేస్తుందన్నమాట.

రెండవది, విదేశీ ఆటగాళ్ల సంఖ్య. మూడు పెద్ద బ్రాంచిలూ ఒకే స్థానానికి విదేశీయులను తెచ్చుకుంటే దేశపు కుర్రవాడికి ఆ స్థానంలో ఆడే అవకాశం రాదు. అందుకని 2011 డిసెంబరులో యూనియన్ ఒక నియమం ప్రకటించింది. ఆ మూడు బ్రాంచిల్లో కలిపి ఒక్కో స్థానానికి ఒక్క విదేశీయుడే ఉండాలని. అమలులో తర్వాత సడలింపులు వచ్చాయి గాని ఉద్దేశం స్పష్టం. విడిగా చూస్తే ప్రతి బ్రాంచి తనకు మేలైనదే చేస్తుంది, మొత్తం మీద సంస్థకు నష్టం వస్తుంది. ఆ నష్టం పైనుంచి చూసేవారికే కనబడుతుంది.

మూడవది, ఇంటి దగ్గర ఉండేలా చేయడం. విదేశాల్లో ఆడేవారిని జాతీయ జట్టుకు సాధారణంగా తీసుకోరు. జానీ సెక్స్‌టన్ 2013లో పారిస్ వెళ్లినప్పుడు మినహాయింపు ఇచ్చారు, ఆయన 2015లో తిరిగివచ్చారు. 2018లో ఫ్రాన్స్ వెళ్లిన సైమన్ జీబోకు ఆ మినహాయింపు దొరకలేదు. దీనికి తోడు ప్రభుత్వం 2002 ఆర్థిక చట్టంలో ఒక పన్ను రాయితీ ఇచ్చింది. క్రీడాకారుడు రిటైరైనప్పుడు పదేళ్ల వరకు తన ఆట సంపాదనలో 40 శాతాన్ని ఆదాయం నుంచి మినహాయించుకుని, కట్టిన పన్ను వాపసు పొందవచ్చు. రిటైరయ్యే నాటికి ఐర్లండు నివాసి అయి ఉండాలన్న షరతు మొదట్లో ఉండేది. ఒక్క పన్ను సెక్షను ఎంతమంది నిర్ణయాలను మార్చగలదో ఇన్‌కమ్ టాక్స్ చదివే విద్యార్థులు గమనించాలి.

4. ఫలితాలు

ఆ ద్వీపం మొత్తం జనాభా సుమారు 70 లక్షలు. హైదరాబాదు నగర జనాభా కన్నా ఎక్కువేమీ కాదు. అక్కడి రగ్బీ బ్రాంచి జట్లు యూరప్ కప్పును ఏడుసార్లు గెలిచాయి: అల్‌స్టర్ 1999లో, మన్‌స్టర్ 2006, 2008లలో, లెన్‌స్టర్ 2009, 2011, 2012, 2018లలో. జాతీయ జట్టు 2016 నవంబరులో షికాగోలో న్యూజీలాండును 40-29తో ఓడించింది. 111 ఏళ్ల పోటీలో అది మొదటి గెలుపు. 2022లో న్యూజీలాండు గడ్డ మీదే సిరీస్ గెలిచింది. 2018, 2023 సంవత్సరాల్లో ఆరు దేశాల పోటీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా నిలిచింది.

అదే కాలంలో, 2022-23లో, ఇంగ్లండులో వూస్టర్, వాస్ప్స్, లండన్ ఐరిష్ అనే మూడు పెద్ద క్లబ్బులు అప్పుల్లో మునిగి అగ్రశ్రేణి లీగు నుంచి తొలగిపోయాయి. ఆటగాళ్లు, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి.

ఇక్కడితో ఆపేస్తే కేంద్రీకరణే మంచిదని రాసేయవచ్చు. కానీ ఆస్తుల పక్క మాత్రమే చూసి బ్యాలెన్స్ షీటు మీద సంతకం పెట్టకూడదు. ప్రపంచ కప్పులో ఐర్లండు పురుషుల జట్టు ఇంతవరకు క్వార్టర్ ఫైనల్ దాటలేదు. ఇంగ్లండు 2003లోనే ఆ కప్పు గెలిచింది. పైగా అప్పుల పక్కన ఇంకా పెద్ద పద్దులు రెండు ఉన్నాయి.

5. మూసేయబోయిన బ్రాంచి

నాలుగు బ్రాంచిల్లో కనాట్ చిన్నది, బీదది. పడమటి తీరంలో, జనం పలుచగా ఉన్న ప్రాంతం. గాల్వే పట్టణంలోని వారి మైదానం చుట్టూ కుక్కల పందేల బాట ఉండేది. 2003 ప్రారంభంలో యూనియన్‌కు డబ్బు కటకట వచ్చింది. ఖర్చు తగ్గించాలంటే కనాట్‌లో జీతాల జట్టును ఎత్తివేయడమే మార్గమన్న ఆలోచన బయటికి వచ్చింది. లెక్క ప్రకారం అది తప్పనిపించదు. గెలుపులు తక్కువ, ప్రేక్షకులు తక్కువ, ఖర్చు మాత్రం ఉంది.

ఆ జనవరిలో కనాట్ అభిమానులు డబ్లిన్ వచ్చి యూనియన్ కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్లారు. ఆటగాళ్లు, మాజీ ఆటగాళ్లు, ఊరి క్లబ్బుల పెద్దలు కలిసి నడిచారు. యూనియన్ వెనక్కి తగ్గింది. కనాట్ నిలిచింది. చాలా ఏళ్లు చివరి స్థానాల్లోనే ఉంటూ వచ్చింది.

నేను పనిచేసిన బ్యాంకులోనూ ఒక పల్లె బ్రాంచి విషయంలో ఇలాంటి చర్చ జరిగింది. నేను అప్పుడు పక్క పట్టణంలోని బ్రాంచిలో ఉన్నాను. పల్లె బ్రాంచి మూడేళ్లుగా నష్టంలో ఉందని పైనుంచి కాగితం వచ్చింది. అయితే మా పట్టణం బ్రాంచిలో జీతాల ఖాతాలు, గృహ రుణాలు ఉన్నవారిలో చాలామంది తమ మొదటి పాసుపుస్తకం ఆ పల్లెలో తీసుకున్నవారే. టీచర్లు, రైల్వే ఉద్యోగులు, నర్సులు. వారిమీద వచ్చే వడ్డీ మా లెడ్జరులో లాభంగా కనబడేది. వారిని తయారుచేసిన ఖర్చు పల్లె బ్రాంచి లెడ్జరులో నష్టంగా కనబడేది. ఈ సంగతి మా మేనేజరు గారు ఒక నోటు రాసి పంపారు. నోటు ఫైలులోకి వెళ్లింది, బ్రాంచి మాత్రం పట్టణంలో విలీనమైంది. పింఛను తీసుకునే ముసలివాళ్లు పదకొండు కిలోమీటర్లు బస్సులో వచ్చి, మా మెట్ల మీద కూర్చుని తమ టోకెను నంబరు కోసం ఎదురుచూసేవారు.

కనాట్ కథ అలా ముగియలేదు. 2016 మే 28న ఎడిన్‌బరోలో జరిగిన ప్రో-12 లీగు ఫైనల్లో కనాట్ జట్టు లెన్‌స్టర్‌ను 20-10తో ఓడించి, మొదటిసారి ఒక పెద్ద కప్పు గెలిచింది. పదమూడేళ్ల కిందట మూసేద్దామనుకున్న బ్రాంచి, అన్నిటికంటే ధనిక బ్రాంచిని ఓడించింది. ఇంకొక మాట. అదే ఏడాది షికాగోలో న్యూజీలాండుపై చివరి ట్రై చేసి గెలుపు ఖాయం చేసినవాడు రాబీ హెన్‌షా. కనాట్ రగ్బీలోనే తయారై, కొద్ది నెలల ముందు లెన్‌స్టర్‌కు మారినవాడు. కాగితం మీద ఆ ఆటగాడు లెన్‌స్టర్ పద్దు. పెట్టుబడి మాత్రం కనాట్‌ది.

విద్యార్థులు ఇక్కడ ఒక సూత్రం రాసుకోవాలి. కేంద్రీకృత సంస్థలో ఒక శాఖ లాభం మరొక శాఖ పద్దులో కనబడవచ్చు. అందువల్ల శాఖవారీ లాభనష్టాల పట్టిక ఒక్కటే చూసి శాఖను మూయకూడదు. కాస్ట్ అకౌంటింగులో ఉమ్మడి ఖర్చుల పంపకం, అంతర్గత బదిలీ ధర అనే అధ్యాయాలు ఉన్నది ఇందుకే.

6. పైవాడికి కనబడనిది

రెండో పద్దు మహిళల రగ్బీ. ఐర్లండు మహిళల జట్టు 2021 సెప్టెంబరులో ప్రపంచ కప్పుకు అర్హత పోగొట్టుకుంది. ఆ డిసెంబరులో 62 మంది ప్రస్తుత, మాజీ క్రీడాకారిణులు యూనియన్ మీద తమకు నమ్మకం పోయిందంటూ నేరుగా ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. ఎందుకు ప్రభుత్వానికి? ఆలోచించండి. జీతం ఇచ్చేదీ, జట్టును ఎంపిక చేసేదీ, ఫిర్యాదు వినేదీ ఒకే కార్యాలయం అయినప్పుడు, ఆ కార్యాలయం వినకపోతే వెళ్లడానికి మరో గుమ్మం ఉండదు. పలు యజమానులున్న చోట ఒకరు కాదంటే ఇంకొకరు తీసుకుంటారు. ఒకే యజమాని ఉన్నచోట అతని చూపు పడనిది అసలు లేనట్టే.

ఆ ఉత్తరం తర్వాత సమీక్షలు జరిగాయి, 2022లో మహిళలకు జీతాల ఒప్పందాలు వచ్చాయి. 2025 ప్రపంచ కప్పులో వారి జట్టు క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్లింది. నిధులు, శ్రద్ధ అందితే ఫలితం వస్తుందనడానికి ఇది సాక్ష్యం. కేంద్రీకరణలో మంచి ఎంత వేగంగా అందరికీ చేరుతుందో, నిర్లక్ష్యం కూడా అంతే పూర్తిగా చేరుతుంది.

7. పైన కూర్చునేది ఎవరు?

అధికారం పైన ఉండాలని ఒప్పుకున్నా మరో ప్రశ్న మిగులుతుంది. ఆ పై కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి? న్యూజీలాండు ఇటీవల ఈ ప్రశ్నతోనే సతమతమైంది. 2023 ఆగస్టులో వచ్చిన ఒక స్వతంత్ర సమీక్ష, యూనియన్ పాలనా నిర్మాణం నేటి వ్యాపార పరిమాణానికి సరిపోదని, బోర్డు సభ్యులను స్వతంత్రంగా, నైపుణ్యం చూసి నియమించాలని చెప్పింది. ప్రాంతీయ సంఘాలు సంస్కరణను కాదనలేదు. కానీ తొమ్మిదిమంది సభ్యుల్లో కనీసం ముగ్గురికి ప్రాంతీయ బోర్డులో పనిచేసిన అనుభవం ఉండాలన్నాయి. 2024 మే 30న జరిగిన ప్రత్యేక సర్వసభ్య సమావేశంలో ప్రాంతీయ సంఘాల తీర్మానమే నెగ్గింది. వృత్తి ఆటగాళ్ల సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది.

రెండు వాదాల్లోనూ బలం ఉంది. పెద్ద వ్యాపారం నడపడానికి నిపుణులు కావాలి. కానీ కౌంటరులో ఒక్కరోజు కూడా కూర్చోనివాళ్లే బోర్డు నిండా ఉంటే, కింద ఏం జరుగుతోందో వారికి నివేదికల ద్వారానే తెలుస్తుంది. నివేదిక రాసేవాడు పైవాడికి నచ్చేదే ముందు రాస్తాడు. ఇది నా సర్వీసులో చూసిన సంగతి.

8. సారాంశం

ఈ ఉదాహరణ నుంచి నాకు తోచిన విభజన ఇది. ఎవరికి వారు విడిగా నిర్ణయించుకుంటే అందరికీ నష్టం వచ్చే విషయాలు పైన ఉండాలి: ఉమ్మడి రాబడి, ముఖ్యమైన మనుషుల ఆరోగ్యం, శిక్షణ ప్రమాణాలు, ఆడిట్. ఊరి మనుషులను ఎరిగి ఉంటేనే సరిగా చేయగలిగే విషయాలు కింద ఉండాలి: కొత్తవారిని గుర్తించడం, ప్రేక్షకులతో సంబంధం, రోజువారీ నిర్వహణ. శాఖను మూసే నిర్ణయం మాత్రం ఏ ఒక్కరి సంతకంతోనూ జరగకూడదు. ఆ శాఖ వారి మాట విన్నట్టు కాగితం మీద రుజువు ఉండాలి. అలాగే జీతం ఇచ్చే గుమ్మం వేరు, ఫిర్యాదు వినే గుమ్మం వేరుగా ఉండాలి.

ఐర్లండు యూనియన్ కూడా తన పద్ధతిని రాతిమీద చెక్కుకుని కూర్చోలేదు. కేంద్ర ఒప్పందాలు లెన్‌స్టర్ ఆటగాళ్లకే ఎక్కువగా వెళుతున్నాయని మిగిలిన బ్రాంచిలు చాలాకాలం మొరపెట్టుకున్నాయి. 2024 నుంచి ఆ ఆటగాళ్ల ఖర్చులో కొంత భాగం వారి సొంత బ్రాంచే భరించేలా మార్పు చేశారు. మంచి సంస్థ తన పంపకాలను మధ్యమధ్య తిరిగి లెక్క చూసుకుంటుంది.

అభ్యాసం

1. రాబడి పైన పుట్టే సంస్థకు, కింద పుట్టే సంస్థకు అధికార పంపకంలో ఉండవలసిన తేడా ఏమిటి? మీకు తెలిసిన ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.

2. 2003లో మీరు ఐర్లండు యూనియన్ కోశాధికారిగా ఉంటే కనాట్ గురించి బోర్డుకు ఒక పేజీ నోటు ఎలా రాస్తారు? కప్పు గెలుస్తుందని మీకు అప్పటికి తెలియదని మరవకండి.

3. మీ కళాశాల సంఘంలోనో, మీ ఊరి సహకార సంఘంలోనో ఫిర్యాదు వినేవారు, నిధులు ఇచ్చేవారు ఒకరేనా? ఒకరే అయితే ఏ మార్పు సూచిస్తారు?

రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి ఒక సాయంత్రం కేటాయించండి. మూయాలని రాసినా, ఉంచాలని రాసినా ఫరవాలేదు. ఏ అంకె చూసి రాశారో, ఏ అంకె మీకు దొరకలేదో రెండూ రాయండి. రేపు మీలో ఎవరో ఒకరి ముందుకు ఇలాంటి కాగితం సంతకానికి వస్తుంది. ఆ కాగితానికి అవతల బస్సు కోసం నిలబడి ఉండే మనిషి ఒకరుంటారు.